కడిగిన కాయలు

మాణిక్యాలరావు సరుకు చూడకుండా ధర చెప్పిన రోజు ఇరవై ఎనిమిదేళ్ళ వ్యాపారంలో ఒక్కటీ లేదు. కొబ్బరికాయల లోడు వస్తే నాలుగు మూలల నుంచీ నాలుగు కాయలు తీయించి, పగలగొట్టి, లోపలి తెలుపు చూసి, బొటనవేలితో మందం చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. కురిడీ అయితే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. ఎండిన కొబ్బరిగుండు చిప్పలో కదిలే చప్పుడును బట్టి అది ఎన్ని నెలలు అటక మీద ఉందో చెప్పేస్తాడు. మామిడికుదురులో ఆయన చెవికి తిరుగులేదు.

అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున్న అమలాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, కంప్యూటరు పక్కనున్న రెండు చిన్న స్పీకర్లకేసి చెవి వంచి మొహం చిట్లించాడు.

"ఇది మన కథేనంటావా?"

పక్కన నిలబడ్డ సాలమోను తలూపాడు. కుర్చీ ఖాళీగా ఉంది. మాణిక్యాలరావు రెండుసార్లు కూర్చోమన్నాడు. రెండుసార్లూ "పర్లేదండీ" అని నిలబడే ఉన్నాడు.

సాలమోను ఆయన కొట్టులో కాయలు ఒలుస్తాడు. నేలలో నిలువుగా పాతిన గునపం ముందు నిలబడి, కాయను మొన మీదికి దించి, మూడు విసుర్లలో పైనున్న పీచు డొక్క ఊడదీస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. పదో తరగతి దాకా చదివాడు. లారీ రాని పూటల్లో కాయల రాశికి ఆనుకుని కథలు రాస్తాడు. పదకొండు కథలు కలిపి నిరుడు 'ఒలుపు రోజులు' అని పుస్తకం వేశాడు. ఇల్లు కురుస్తోందని పుస్తకాల కట్టలన్నీ తెచ్చి కొట్టులో దాచుకున్నాడు. మాణిక్యాలరావు వాటిని కురిడీ అటక మీద, ఎలుక పోని మూలన పెట్టించాడు. పై ఊళ్ళ నుంచి కొనుగోలుదారు ఎవరొచ్చినా కాఫీతోపాటు ఒక పుస్తకం చేతిలో పెట్టేవాడు. "మా కొట్టులో ఒలిచేవాడు రాసేడండీ. ఇలాంటిది మీ వైపెక్కడన్నా చూసేరా?" అనేవాడు. అట్ట మీది కొబ్బరికాయ బొమ్మ ఆయనకు నచ్చింది. లోపలి పేజీలు మాత్రం తిరగెయ్యలేదు. తీరిక దొరకలేదో, తన కొట్టు సరుకుకు తనే మచ్చు చూడడమేమిటనుకున్నాడో.

ఇప్పుడా పుస్తకం పాడ్‌కాస్ట్‌లోకి ఎక్కింది. కువైట్‌లో పనిచేసే నాగేంద్రబాబుది పక్క ఊరే. అతను దాన్ని రెండేళ్ళ క్రితం మొదలుపెట్టాడు. రేడియో లాంటిదే కాని, వేళకి కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఎప్పుడు నొక్కితే అప్పుడు పలుకుతుంది. కొత్తగా వచ్చిన పుస్తకం నుంచి వారానికొక కథ చదివించి, చివర్లో రాసినవాడి పేరూ ఫోన్ నంబరూ చెప్పిస్తాడు. ఏ దుబాయ్‌లోనో మస్కట్‌లోనో వింటున్నవాడు తర్వాత పుస్తకం కోసం ఫోన్ చేస్తాడు. ఇక్కడ కథలు ఎంచి, చదివి, పంపే బాధ్యత అమలాపురంలో రిటైరైన తెలుగు లెక్చరరు రామ్మూర్తి మాస్టారిది.

స్పీకర్లలోంచి ఆ మాస్టారి గొంతే పొంగుతోంది. వానలో దిగబడ్డ లారీ కథ అది. సాలమోను పుస్తకంలో లారీ డ్రైవరూ క్లీనరూ తిట్టుకుంటారు. మాస్టారి గొంతులో ఇద్దరూ ఒకరినొకరు 'మిత్రమా' అని పిలుచుకుంటున్నారు. చివరికి వీణ మోగింది.

"ఇంతవరకు మీరు విన్న కథకు రచన, శాలివాహన. పుస్తకం కావలసినవారు రామ్మూర్తి గారిని సంప్రదించవచ్చు."

తర్వాత ఫోన్ నంబరు వచ్చింది. అదీ మాస్టారిదే.

"శాలివాహన ఎవడ్రా?" అన్నాడు మాణిక్యాలరావు.

"నేనేనండి. మాస్టారు పెట్టేరండి."

"నిన్నడిగే పెట్టేరా?"

"పెట్టేసేక ఫోన్ చేసేరండి. పేరు కొంచెం సవరించేను నాయనా, నీ మంచికే అన్నారండి."

"నువ్వేమన్నావు?"

"మాస్టారు కదండి," అన్నాడు సాలమోను. చొక్కా అంచుతో రెండు అరచేతులూ తుడుచుకున్నాడు. అక్కడ తుడవడానికేమీ లేదు.

మాణిక్యాలరావుకు చెవులు వేడెక్కాయి. దొంగతనం ఆయన చాలా రకాలు చూశాడు. బస్తాలో అడుగున తాలుకాయ పెట్టేవాడు దొంగే కాని, వాడికి తను దొంగనని తెలుసు. దోచుకుని, పైగా నీ మంచికే అని వీపు నిమిరేవాడిని చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

"రేపు నాతో రా," అన్నాడు.

"వద్దండి. మాస్టారు నొచ్చుకుంటారు."

"అయితే నువ్వొద్దు. నేనే వెళ్తాను."

మంగళవారం ఆయన వెళ్ళేసరికి రామ్మూర్తి వరండాలో కూర్చుని పాత పత్రికలను దబ్బనంతో కుడుతున్నాడు. దారం నోట్లో తడిపి, బెజ్జంలోకి ఎక్కించి, అప్పుడు తలెత్తాడు.

"రండి రండి మాణిక్యాలరావు గారూ. విన్నారా? ఎలా ఉంది?"

"మీ గొంతు బాగుందండి. మావాడి కథే ఎక్కడా కనబడలేదు."

మాస్టారు నవ్వాడు. "కూర్చోండి. కాఫీ తెప్పిస్తాను."

"తాగే వచ్చేనండి. నా బస్తా మీద ఇంకొకడి మార్కా గుద్దితే నేనూరుకుంటానా అండీ?"

"బస్తాకీ పుస్తకానికీ పోలికేమిటండీ. చూడండి. కొందరు వినేవాళ్ళు పేరు దగ్గరే ఆగిపోతారు. ఆ పేరు చెవిన పడగానే, ఓహో, ఇది ఫలానా వాళ్ళ కథ అనుకుంటారు. ఇక కథ వినరు. ఆ అడ్డం తీసేసేను. మేలు చేసేనా, కీడు చేసేనా?"

"ఫలానా వాళ్ళంటే ఎవరండీ?"

దబ్బనం ఆగింది. "మీకు తెలీదా?"

"తెలుసండి. మీ నోటంట విందామని."

మాస్టారు దారాన్ని గట్టిగా లాగి ముడి వేశాడు.

"పోనీ గొంతు? వాడు చదవలేడా?"

"అతని ఉచ్చారణ మీకు అలవాటైపోయింది కనక తెలీడం లేదు. ఇది దేశదేశాల్లో వింటారండీ."

"ఆ దేశాల్లో ఉన్నది మనోళ్ళే కదండీ. కావలసింది ఈ ఊరి మాటే కదండీ. నంబరు మీదెందుకిచ్చేరు?"

"ఎవరో పెద్దలు ఫోన్ చేస్తారు. అతనెత్తితే ఏం మాట్లాడతాడు?"

"హలో అంటాడండి," అన్నాడు మాణిక్యాలరావు.

మాస్టారి మొహం ఎర్రబడింది. పత్రికల కట్ట పక్కన పెట్టాడు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"పుస్తకమంతా చదివే మాట్లాడుతున్నారా మీరు?"

ఆ ప్రశ్న ఎటునుంచి వచ్చిందో మాణిక్యాలరావుకు అర్థం కాలేదు. కాని బేరం మధ్యలో తెలీదన్నవాడు బేరం పోగొట్టుకుంటాడు.

"ఆయ్. చదవకుండానే వచ్చేనా?"

"అన్ని కథలూనా?"

"ఆయ్."

మాస్టారు ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు కదిలి ఆగిపోయింది. "అయితే సరే. నేను కొన్ని ఆలోచించే ఆ లారీ కథ ఎంచేను. మీకే అభ్యంతరం లేనప్పుడు నాదేముంది. నాగేంద్రబాబు సెలవు మీద వచ్చేడు. ఆదివారం తిరిగి వెళ్ళిపోతాడు. అతన్నే అడగండి."

మాణిక్యాలరావు ఆ వరండాలో నిలబడే ఫోన్ చేశాడు, మాస్టారు వినేలా. నాగేంద్రబాబు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నేను మొదట్నుంచీ అదే అడుగుతున్నానండి బాబాయ్ గారూ. మాస్టారు వద్దంటుంటే ఊరుకున్నాను. శుక్రవారం రికార్డరు పట్టుకుని నేనే వస్తాను. ఆయన పేరుతో, ఆయన గొంతుతోనే పెడదాం. నంబరు కూడా ఆయనదే. 'కడిగిన కాయలు' చదవమనండి. పుస్తకం మొత్తానికి అదండీ కథ."

కడిగిన కాయలు. పేరు మాణిక్యాలరావుకు నచ్చింది. సరుకు శుభ్రంగా పంపడం గురించి అయి ఉంటుందనుకున్నాడు. తన కొట్టులో కాయ శుభ్రానికి అంబాజీపేట దాకా పేరుంది. వాడు అది రాసి ఉంటాడు.

కొట్టుకు తిరిగొచ్చి అందరి ముందూ చెప్పాడు. సాలమోను చేతిలో కాయ గునపం మీద సగం దిగి ఆగిపోయింది.

"ఆ కథ వద్దండి అయ్యగారండీ. లారీ కథే మళ్ళీ చదువుతాను."

"ఎందుకొద్దు? ఎవడికిరా నీ భయం? నేనున్నాను కదా."

"మీరుంటారు కదండి," అని నసిగాడు సాలమోను.

డొక్కలు గంపకెత్తుతున్న మంగాయమ్మ వంచిన నడుం ఎత్తకుండానే అలాగే ఆగింది. ఆమె పాతికేళ్ళుగా ఆ కొట్టులో మోస్తోంది. ఒలిచే నలుగురూ కూడా చేతులాపారు.

"మీరా కథ చదివేరా అండి?" అని అడిగాడు సాలమోను.

ఉదయం ఒకచోట అవునన్నవాడు సాయంత్రం ఇంకోచోట కాదనలేడు. "చదివేను కనకే అంటున్నాను. అదే చదువు."

సాలమోను ఆయన్ని అంతసేపు నేరుగా చూడడం మాణిక్యాలరావుకు గుర్తులేదు. ఎప్పుడూ భుజం దగ్గరో, కాళ్ళ దగ్గరో ఉండే చూపు కళ్ళలోకి వచ్చి నిలబడింది.

"చదివి కూడా అంటున్నారండి," అన్నాడు మెల్లగా, తనలో తను అన్నట్టు. "అయితే చదువుతానండి."

బుధ, గురువారాలు మాణిక్యాలరావుకు వింతగా గడిచాయి. బుధవారం మధ్యాహ్నం పుస్తకాల కట్ట దించడానికి వచ్చినవాణ్ణి అలవాటుగా "కూర్చో" అంటే, సాలమోను ఎదురుబల్ల మీద కూర్చున్నాడు. టీ తాగాడు. తమ్ముడి కూతురికి నర్సు ట్రైనింగులో సీటొచ్చిందన్నాడు. మంగాయమ్మ ఎన్నడూ లేంది, "మజ్జిగ తాగుతారా అయ్యగారూ?" అని అడిగి తెచ్చిచ్చింది. ఒక మాస్టారిని ఎదిరిస్తే ఇంత గౌరవమా అని ఆయన లోలోపల పొంగాడు. పుస్తకం రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఒకసారి లారీ వచ్చింది. ఇంకోసారి కళ్ళజోడు దొరకలేదు.

శుక్రవారం పది గంటలకు నాగేంద్రబాబు వచ్చాడు. వెనకాలే రామ్మూర్తి మాస్టారు. పిలవకపోయినా వచ్చాడు. నాగేంద్రబాబు కొట్టంతా తిరిగి, అక్కడక్కడా చప్పట్లు కొట్టి చూసి, చివరికి కురిడీ అటక ఎక్కాడు. కాయల గుట్టల మధ్య నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పుడు అక్కడికక్కడే ఇంకిపోయింది.

"హైదరాబాదు స్టూడియోలో కూడా ఇంత బాగుండదండి," అన్నాడు.

మాణిక్యాలరావు అటక అంచున నిలబడి కిందికి కేకేశాడు. "ఈ గంటసేపు ఒక్కడు గునపం ముట్టుకోకూడదు. గంప విసరకూడదు. దగ్గొస్తే రోడ్డు మీదికెళ్ళి దగ్గండి. చప్పుడు చేసినవాడు రేపట్నుంచి ఇంకో కొట్టు చూసుకోవాలి."

కింద అంతా ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. మంగాయమ్మ గాజులు మోచేతి మీదికి తోసుకుని చేత్తో పట్టుకుంది.

సాలమోను తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నాగేంద్రబాబు అరచేతి పొడవున్న రికార్డరును బోర్లించిన గంప మీద పెట్టాడు. దాని మీద ఎర్రదీపం వెలిగింది. మాస్టారు గోడకానుకున్నాడు. మాణిక్యాలరావు పుస్తకాల కట్ట మీదే కూర్చుని, కురిడీ నాణ్యం చూసేటప్పటిలాగే తల ఒకవైపు వంచాడు.

"కథ పేరు కడిగిన కాయలు. రాసింది సాలమోను. మామిడికుదురు."

ఆ మాటతోనే మాణిక్యాలరావు మాస్టారికేసి చూశాడు. చూశావా అన్నట్టు. మాస్టారు తిరిగి ఆయన్నే చూస్తున్నాడు.

సాలమోను గొంతు మొదట్లో వణికి, నాలుగు వాక్యాల్లో కుదురుకుంది. కథలో ఏసుపాదం అని ఒకడు కాయలు ఒలుస్తున్నాడు. శ్రావణమాసం. ఉత్తరాది గుళ్ళకు వెళ్ళే లోడు. లారీ వాకిట్లో హారన్ కొడుతోంది. షావుకారు తొందరపెడుతున్నాడు. మాణిక్యాలరావు సంతోషంగా తలూపాడు. నిజమే, శ్రావణంలో అలాగే ఉంటుంది.

"గునపం మీద కాయ జారింది. ఏసుపాదం అరిచేలోపే మొన అరచెయ్యి దాటి అవతలికొచ్చింది."

మాణిక్యాలరావు తలూపడం ఆగింది. పుస్తకం పట్టుకున్న సాలమోను ఎడమచెయ్యి ఆయన ఎదురుగానే ఉంది. చివరి రెండు వేళ్ళూ ముడుచుకునే ఉంటాయి. తొమ్మిదేళ్ళయింది. సమయానికి తన స్కూటరు లేకపోతే వాడి చెయ్యే పోయేదని ఈ తొమ్మిదేళ్ళలో ఆయన ఎంతమందికి చెప్పాడో.

"రక్తం ఒలిచిన కాయల మీద పడింది. షావుకారు పరిగెత్తుకొచ్చేడు. మంచోడే. పరిగెత్తుకొచ్చేడు. వచ్చి ఏసుపాదం కేసి చూసేడు. కాయల కేసి చూసేడు. ముందా కాయలు తీసి కడగండ్రా, గుడికెళ్ళే కాయలవి, అన్నాడు."

మాణిక్యాలరావు కాలు తనకు తెలియకుండానే ముందుకు తన్నింది. ఒక కురిడీ దొర్లి, గుట్ట మీంచి జారి, చెక్కల మీద లొడలొడా కొట్టుకుంటూ పోయి గోడకు తగిలింది. సాలమోను తలెత్తాడు. ఆయన మొహం చూశాడు. ఆ ఒక్క చూపుతో వాడికి అంతా తెలిసిపోయింది. ఈయన చదవలేదు.

నాగేంద్రబాబు చెయ్యి గాల్లో తిప్పాడు, ఆపొద్దు, కానివ్వమని. సాలమోను ఊపిరి పీల్చుకుని మళ్ళీ పుస్తకంలోకి వంగాడు. 

"ముగ్గురు బిందెలు పట్టుకుని పంపు దగ్గరికి పరిగెత్తేరు. కాయలు కడిగేరు. ఏసుపాదం చేతి మీద నీళ్ళు పొయ్యడానికి బిందె మిగల్లేదు."

అబద్ధం అని అరవాలనుంది మాణిక్యాలరావుకు. నోరు తెరిచాడు. ఎదురుగా ఎర్రదీపం వెలుగుతోంది. చప్పుడు చెయ్యొద్దన్నది తనే. పళ్ళు కొరుక్కుని కూర్చున్నాడు. స్కూటరు రావాలి. ఇప్పుడొస్తుంది. రాయకుండా ఎలా ఉంటాడు. తన అన్నం తిని, తన అటక మీద పుస్తకాలు దాచుకుని, స్కూటరు రాయకపోతే వీణ్ణి ఈ నిచ్చెన మీంచే కిందికి తోసేస్తాను, అనుకున్నాడు.

స్కూటరు వచ్చింది.

"అప్పుడు షావుకారు స్కూటరు తీసేడు. సీటు మీద గోనెసంచి పరిచి, దాని మీద ఏసుపాదాన్ని కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేడు. ఊళ్ళో అందరూ షావుకారే ప్రాణం పోసేడంటారు. ఏసుపాదం కూడా అలాగే అంటాడు."

కథ అయిపోయింది. గోనెసంచి సంగతి మాణిక్యాలరావుకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు దాని మీది మార్కా రంగుతో సహా కనిపించింది. కొత్త స్కూటరు. కొని అప్పటికి నెల కాలేదు.

నాగేంద్రబాబు ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మొత్తం విన్నాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. "అద్భుతమండి. ఒక్కచోటే, ఆ షావుకారు మాట దగ్గర కాయ దొర్లింది. ఆ ఒక్క మాట మళ్ళీ చదివితే అతికించేస్తాను."

 నాగేంద్రబాబు ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. అతనికి ఏమీ తెలీదు.

రామ్మూర్తి మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఆ మాట తీసేస్తే సరి. కథకు పోయేదేమీ లేదు. కాయలు కడిగేరు అని ఎలాగూ ఉంది కదా. ఎవరన్నారో వినేవాళ్ళకి అనవసరం." తర్వాత మాణిక్యాలరావు వైపు వంగి, గొంతు తగ్గించి, "మీ మంచికే చెబుతున్నాను," అన్నాడు.

అంతవరకూ మాణిక్యాలరావు కోపం ఎటు పోవాలో తెలీక లోపలే తిరుగుతోంది. సాలమోను మీదికి పోబోయి, వాడి ముడుచుకున్న వేళ్ళ దగ్గర ఆగి, వెనక్కొచ్చి తన మీదే పడుతోంది. ఇప్పుడు ఈ మనిషి చెయ్యి చాపి తన వీపు నిమురుతున్నాడు. నీ మంచికే అని సాలమోను వీపు నిమిరిన చెయ్యే. తను ఇప్పుడు ఊ అంటే ఇద్దరూ ఒకే కొట్టు భాగస్వాములు.

"తీసెయ్యక్కర్లేదు," అన్నాడు.

"ఆలోచించుకోండి. కువైట్ దాకా వింటారు."

"విననివ్వండి. ఒరే, చదువు."

సాలమోను పేజీ వెతుక్కున్నాడు. చాలాసేపు పట్టింది. ఎర్రదీపం వెలిగింది.

"ముందా కాయలు తీసి కడగండ్రా," అన్నాడు, పసిపిల్లను నిద్ర లేపుతున్నట్టు. "గుడికెళ్ళే కాయలవి."

"ఇందాక ఇలా లేదండి," అన్నాడు నాగేంద్రబాబు. "కొంచెం గట్టిగా."

సాలమోను మళ్ళీ అన్నాడు. ఈసారి ఇంకా మెత్తగా వచ్చింది. చూపు మళ్ళీ మాణిక్యాలరావు కాళ్ళ దగ్గరికి పోయింది. అది చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. పుస్తకాల కట్ట పక్కకు ఒరిగింది.

"అలా అనలేదు నేను."

నాగేంద్రబాబు ఉలిక్కిపడ్డాడు. "మీరా అండీ?"

"నా మీద దయ చూపించకురా," అన్నాడు మాణిక్యాలరావు సాలమోనుతో. మెడ నరాలు పొంగాయి. "రాసినప్పుడు లేని దయ చదివేటప్పుడెందుకు? నేనెలా అన్నానో నీకు తెలీదా?"

"తెలుసండి."

"మరి అను."

"నా నోటికి రాదండి అయ్యగారండీ."

మాణిక్యాలరావు వంగి, గంప మీది రికార్డరు కేసి చూశాడు. ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన ఊపిరి నిండా పీల్చుకున్నాడు. ఆ రోజు వాకిట్లో లారీ హారన్‌ను మించి అన్నట్టే, కొట్టు గోడలదిరేలా అన్నాడు.

"ముందా కాయలు తీసి కడగండ్రా! గుడికెళ్ళే కాయలవి!"

కింద ఒక్కసారిగా కదలిక పుట్టింది. ఎవరో గబాలున లేచారు. గంప బోర్లాపడింది. బిందెలు ఒకదానికొకటి తగిలాయి. కాళ్ళు పెరటివైపు పరిగెత్తాయి. పంపు కిర్రుమని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కొట్టుకుంది. నీళ్ళు ఇత్తడి మీద పడ్డ చప్పుడు అటక దాకా వచ్చింది.

నాగేంద్రబాబు రికార్డరు ఆపలేదు. మాస్టారు నేలకేసి చూస్తున్నాడు. సాలమోను పుస్తకం మూసి, ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు.

నిచ్చెన కిందికి మంగాయమ్మ వచ్చి నిలబడింది. చంకలో నిండిన బిందె. గాజులు మణికట్టు దాకా జారిపోయాయి. తలెత్తి, ఆయాసపడుతూ అడిగింది.

"ఏ కాయలండీ అయ్యగారూ?"